పట్టకారు మీద రాజుగారి కోపం

ఒకానొక రాజ్యంలో, పేరు గుమ్మలూరు అనుకోండి, నచ్చకపోతే మీకిష్టమైన పేరు పెట్టుకోండి, కథకేమీ నష్టం లేదు, వీరగజేంద్ర భూపాలుడనే రాజు ఉండేవాడు. ఉత్త వీరగజేంద్ర భూపాలుడంటే ఆయనకు ఒళ్ళు మండేది. ముందు బిరుదులు చదవాలి. రణరంగభీకర, శత్రుగజసింహ, ధైర్యమేరుపర్వత, ఇలా సాగిపోయేవి. రణరంగం తూర్పున ఉంటుందో పడమట ఉంటుందో రాజుగారికి తెలియదు. అది వేరే సంగతి.

భోజనాల దగ్గర కూడా వందిమాగధులు బిరుదులన్నీ చదివితే గానీ రాజుగారు విస్తట్లో చెయ్యి పెట్టేవారు కాదు. అంతలోకి చారు చల్లారేది, నెయ్యి పేరుకునేది, అప్పడం తడిగుడ్డలా వేలాడేది. రాజుగారు తడిగుడ్డ అప్పడాలకు అలవాటు పడ్డారే గానీ, ఒక్క బిరుదు తగ్గించుకోవడానికి ఒప్పుకోలేదు.

ఆయన చేతిలో ఎప్పుడూ తాతలనాటి రాజదండం ఉండేది. దాని కొసన అయిదు గోళ్ళూ చాచిన బంగారు సింహం పంజా. "ఆ పంజా చూస్తే సామంతుల పంచెలు జారిపోతాయి" అని చెప్పుకునేవారు. దండమంతా నల్లబడిపోయింది గానీ, ఆ గోళ్ళు మాత్రం ఎందుకో నిత్యం తళతళలాడుతూ ఉండేవి. ఎందుకో కొలువులో ఎవరూ అడగలేదు. మీరూ అప్పుడే అడక్కండి.

ఆ కొలువులో తిప్పన అనే కుర్రవాడు ఒకడు ఉండేవాడు. అతని ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాజుగారికి విసుగు పుడితే నవ్వించాలి, నవ్వు ఎక్కువైతే ఆపాలి. మిగిలిన వేళంతా వంటింటి గడపలో కూర్చునేవాడు. ఎందుకంటే వంటింట్లో పేరమ్మ ఉండేది.

పేరమ్మ రాజుగారి వంటలక్క. రాజుగారు ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఆ పొయ్యి ఆమెదే. ఆమె చేత్తో చేస్తే కాకరకాయ కూడా తియ్యగా మాట్లాడుతుందనేవారు. తిప్పన ఆమెను "పేరమ్మత్తా" అనేవాడు. ఆమె అతన్ని "తిండిపోతు వెధవా" అనేది. ఇద్దరికీ అంత ప్రేమ.

ఒకరోజు రాజుగారికి కాల్చిన వంకాయ పచ్చడి మహా నచ్చింది. ఎంత నచ్చిందంటే, పేరమ్మను మెచ్చుకోవడానికి తానే స్వయంగా వంటింటికి బయల్దేరాడు. ఆయన వెనకాలే చతుర్ముఖ సోమయాజులు కూడా నడిచాడు. ఈయన కొత్తగా వచ్చిన ఆస్థాన పండితుడు. 'ఏకధర్మం' అనే గ్రంథం రాశాడు. దాన్ని ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి, చదవాలంటే ఒక్కడూ దొరకడు.

వంటింట్లో పేరమ్మ మర్నాటి కోసం మరో వంకాయను పట్టకారుతో పట్టుకుని నిప్పుల మీద తిప్పుతోంది. సోమయాజులు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏమిటిది?" అన్నాడు.

"వంకాయ అయ్యవారూ."

"అది కాదు. వంకాయను పట్టుకున్నది?"

"పట్టకారు. మీ ఇంట్లో లేదా?"

"పట్టకారు ఎందుకు పుట్టింది?"

"వేడి గిన్నె దింపడానికి."

"మరి ఇప్పుడేం చేస్తోంది?"

"గిన్నె దింపే వేళ ఇంకా కాలేదు గదండీ" అంది పేరమ్మ. "ఊరికే కూర్చుని ఏం చేస్తుంది పాపం? అందుకని వంకాయ కాలుస్తోంది."

సోమయాజులు ఒక్కొక్కటే చూడసాగాడు. చూసినకొద్దీ ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఒకామె కొబ్బరి కోరుతో కాకరకాయ మీది గరుకు గీకుతోంది. ఇంకొకామె బూందీ దూసే చిల్లుల గరిటె బోర్లించి, దాని మీద ముల్లంగి తురుముతోంది. పప్పుగుత్తి పప్పును వదిలేసి గోంగూర ఎనుపుతోంది. బూడిదగుమ్మడి ముక్కలు ఉప్పూ పసుపూ వేసి గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. నీరు దిగాలని ఆ మూట మీద రుబ్బురోలు పొత్రం ఎక్కి కూర్చుంది.

పేరమ్మకు ఇవన్నీ గొప్పగా ఉన్నాయి. రాజుగారు తన వంటింటి నేర్పు చూడటానికే వచ్చారనుకుంది పాపం. గూట్లోంచి ఒక ఆల్చిప్ప తీసి చూపించింది. "ఇదన్నిటికన్నా మంచిది దొరా! చూడండి, మామిడికాయ చెక్కు దీంతో తీస్తే కండ రవ్వంత కూడా పోదు. మీ చిన్నప్పుడు మీకు ఉగ్గు పట్టింది కూడా దీంతోనే. ఉగ్గు పట్టేదాన్ని, కడిగేదాన్ని, చెక్కు తీసేదాన్ని. మళ్ళీ మీరు ఏడ్చేవారు, మళ్ళీ కడిగేదాన్ని."

వంటింటి ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గడపలో కూర్చున్న తిప్పనకు కొంగు లేదు, అందుకని కిసుక్కుమన్నాడు.

రణరంగభీకరుడి మొహం కందగడ్డలా అయింది. తనకూ మామిడికాయకూ ఒకే చిప్పా!

సోమయాజులు అదను చూసి రాజుగారి చెవిలో అన్నాడు. "ప్రభూ, ఇది నవ్వులాట కాదు. ప్రతి వస్తువుకూ ఒకటే ధర్మం. రెండో పని మరిగిన వస్తువు యజమాని మాట వినదు. ఈవేళ పట్టకారు వంకాయ పని నేర్చుకుంది. రేపు దాన్ని చూసి సేనాపతి కూడా రెండో పని నేర్చుకుంటాడు."

"ఏ పని?" అన్నాడు రాజు.

"తమ పని ప్రభూ."

రాజుగారు చటుక్కున వెనుదిరిగారు. ఆ సాయంత్రమే ఊరంతా చాటింపు వేశారు. ఒక వస్తువుకు ఒకే పని. రెండో పని చేయించినవారికి రాజ్య బహిష్కారం.

అక్కణ్ణుంచి గుమ్మలూరు తిప్పలు చూడాలి. గోడ పుట్టింది ఇల్లు నిలబెట్టడానికి గనక దాని మీద పిడకలు కొట్టకూడదన్నారు. పాత పంచె మీద వడియాలు పెట్టిన ముసలమ్మను భటులు పట్టుకున్నారు. అట్లకాడ అట్లు తిప్పడానికే గనక, దాన్ని చూపించి పిల్లల్ని బెదిరించడం కూడా నేరమైంది. రాజ్యం మొత్తంలో ఆ శాసనాన్ని మనసారా మెచ్చుకున్నది పిల్లలొక్కరే.

ఇక వంటింటి సంగతి చెప్పనక్కర్లేదు. కత్తిపీట కొసకు ఉండే కొబ్బరి కోరును కోయించి వేరే పీటకు బిగించారు, కత్తి కత్తే కోరు కోరే అని. బీరకాయ ఈనెలు తీసే చాకు వేరు, ఆనపకాయ చెక్కు తీసే చాకు వేరు, దొండకాయ చీల్చేది వేరు. కమ్మరి కొలిమి ఆరేది కాదు. చివరికి వంటింట్లో పనిముట్లకు చోటు సరిపోయి వంటవాళ్ళకు చోటు లేకుండా పోయింది. ఏ కూరకు ఏ చాకో వెతుక్కునేసరికి మధ్యాహ్నం సాయంత్రమయ్యేది. రాజుగారి పొట్ట బిరుదుల కన్నా గట్టిగా చదివేది. అయినా ఆయన నోరు విప్పలేదు. రాజు పెట్టిన శాసనం రాజే తప్పంటే ఎలా?

ఒకనాడు ఉండబట్టలేక, "కాకరకాయ పులుసు తినాలనుంది" అని కబురు పంపాడు. కాకరకాయ గీకే చాకు కమ్మరి దగ్గర సానకు వెళ్ళింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, రాజుగారు ఆకలి మీద ఉన్నారు. పేరమ్మ అటూ ఇటూ చూసి, కొబ్బరి కోరు తీసి కాకరకాయలు గబగబా గీకేసింది. సరిగ్గా అప్పుడే సోమయాజులు వంటింట్లోకి తొంగిచూశాడు.

మర్నాడు కొలువులో పేరమ్మను నిలబెట్టారు. రాజుగారు గొంతు సవరించుకున్నారు. ఆయనకూ మనసులో ఎక్కడో పీకుతూనే ఉంది. కానీ సోమయాజులు పక్కనే ఉన్నాడు, సేనాపతి ఎదురుగా ఉన్నాడు.

"శాసనం శాసనమే" అన్నాడు. "నువ్వు రాజ్యం విడిచిపోవాలి. అయితే..." అని ఒక్క క్షణం ఆగాడు. "రేపు మా పుట్టినరోజు విందు. అది వండి పెట్టి పో."

అదీ రాజుగారి దయ.

తిప్పన ముందుకు వచ్చాడు. "ప్రభూ, ఒక్క మనవి. పనిముట్టు రెండో పని చేస్తే తప్పేమిటో నా మట్టిబుర్రకు ఎక్కడం లేదు."

సోమయాజులు నవ్వాడు. "ఎలా ఎక్కుతుంది? వంటింటి గడపలో పెరిగినవాడివి. ఓయీ, గౌరవం గల వస్తువేదీ రెండో పని ముట్టదు. గరిటెలూ పట్టకార్లూ గతిలేనివి గనక ఏ పని చెబితే ఆ పని చేస్తాయి. ఈ కొలువులో చూడు. సింహాసనం, ఛత్రం, రాజదండం. ఏదైనా తన పని తప్ప మరొకటి చేస్తుందా?"

"చేస్తే?" అన్నాడు తిప్పన.

"చేయదు."

"చేస్తే అంటున్నాను అయ్యవారూ."

రాజుగారికి కోపం వచ్చింది. "ఓరీ తిప్పనా! రేపటి విందు ముగిసేలోగా ఇక్కడున్న వస్తువుల్లో ఒక్కదానికి రెండో పని ఉందని చూపించు. చూపిస్తే శాసనం రద్దు, పేరమ్మ పొయ్యి పేరమ్మదే. చూపించలేకపోతే?"

"పేరమ్మత్త సామాను నెత్తిన పెట్టుకుని నేనూ పొలిమేర దాటుతాను ప్రభూ. ఎలాగూ ఆవిడ లేనిచోట నేను తినేదేముంది?"

తిప్పన వంటింటికి వెళ్ళేసరికి పేరమ్మ మూట కడుతోంది. మూటలో ఒక చీర, ఒక చెంబు, ఆ ఆల్చిప్ప.

"ఎందుకురా నీకీ పందేలు?" అంది ముక్కు చీదుతూ. "నా మానాన నేను పోయేదాన్ని. ఇప్పుడు నిన్ను కూడా వెంటేసుకుని పక్క రాజ్యంలో ఎవరికి వండను? అక్కడ పప్పుచారులో బెల్లం వేస్తారట."

"బెల్లమా!" అని తిప్పన గుండె పట్టుకున్నాడు. "అయితే గెలవక తప్పదు అత్తా. ఆ బెల్లం చారు నా చేత తాగించకు."

"వేళాకోళాలకు వేళా పాళా లేదా? ఈ పొయ్యి దగ్గరే ముసలిదాన్నయ్యాను. దీన్ని ఎవరు అలుకుతారు, ఎవరు రాజేస్తారు అని నాకు నిద్ర పట్టటంలేదు."

తిప్పన మూలనున్న పెద్ద కందదుంపను కాలితో మెల్లగా దొర్లించి, "అత్తా, రేపు రాజుగారు కంద తొలిముక్క కోస్తారు గదా?" అన్నాడు.

అది ఆ రాజవంశంలో ఆనవాయితీ. రాజు పుట్టినరోజు విందుకు కంద కూర తప్పనిసరి. దాని తొలిముక్క నిండు కొలువులో రాజే స్వయంగా కోయాలి. కోసిన తర్వాత బిరుదులు చదువుతారు. అవి పూర్తయ్యేదాకా రాజు రాజదండం పట్టుకుని కదలకుండా నిలబడాలి.

"కోస్తారు. ఏం?"

"కోసేముందు ఆయన చేతులకు నువ్వేం రాస్తావు?"

"నూనే, చింతపండు రసమూ. ఏటా చేసేదేగా. లేకపోతే పచ్చి కంద దురద..." అని పేరమ్మ టక్కున ఆగిపోయింది. తిప్పన మొహంలోకి చూసింది. "ఒరేయ్ తిప్పా!"

"నేనేమీ అనలేదు."

"చిన్నప్పణ్ణుంచీ ఆయన ఒళ్ళు సున్నితంరా!"

"అందుకే చింతపండు నానబెట్టి దగ్గర పెట్టుకో. ఎప్పుడు తేవాలో నేను చెబుతాగా" అన్నాడు తిప్పన, పళ్ళెంలో మిగిలిన గారె నోట్లో వేసుకుంటూ.

మర్నాడు కొలువు కిటకిటలాడింది. మధ్యలో పట్టుగుడ్డ పరిచి, దాని మీద కత్తిపీట, పక్కన ఏనుగు పాదమంత కందదుంప పెట్టారు. రాజుగారు వచ్చి పీట మీద కాలు మడిచి కూర్చున్నారు. అలవాటు చొప్పున రెండు చేతులూ చాచారు. పేరమ్మ నూనె గిన్నె పట్టుకుని ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆగండాగండి!" అని తిప్పన అరిచాడు. "ఎంత ఘోరం జరగబోయింది! సోమయాజులుగారూ, నూనె ఎందుకు పుట్టింది?"

తన ప్రశ్న తనకే వచ్చేసరికి సోమయాజులు ఉబ్బిపోయాడు. "వంటకు."

"మరి దీపంలో పోస్తున్నామే?"

"వంట నూనె వంటకు, దీపం నూనె దీపానికి."

"చేతులకు?"

సోమయాజులు రాజుగారి వంక చూశాడు. శాసనం తలుచుకున్నాడు. "చేతులకు... రాయరాదు."

"చింతపండు?"

"పులుసుకు."

తిప్పన రెండు చేతులూ జోడించాడు. "విన్నారుగా ప్రభూ. తమ శాసనం తమ చేతులతోనే తెగిపోకూడదని అడ్డుపడ్డాను. ఈ ఏటికి తొలిముక్క కోయడం మానేసినా ఎవరూ ఏమీ అనుకోరు. కందదుంపంటే సామాన్యమా?"

అందరూ రాజుగారి వంక చూశారు. రాజుగారి మీసం లేచింది.

"ఏమిట్రా, రణరంగభీకరుడు దుంపకు జడుస్తాడనుకున్నావా?"

అని కందను రెండు చేతులా ఎత్తి కత్తికి ఆనించాడు. అది అరచేతుల్లో జిగురు జిగురుగా జారింది. సోమయాజులు స్వామిభక్తితో పరుగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నొక్కారు. తొలిముక్క తెగి పట్టుగుడ్డ మీద పడింది. శంఖాలు మోగాయి. ఆ కోతకు చెమట పట్టిందేమో, రాజుగారు అరచేత్తో మెడ తుడుచుకుని, వెనక్కి చెయ్యి పోనిచ్చి వీపు పైభాగం కూడా తుడుచుకున్నారు. తర్వాత లేచి, రాజదండం పట్టుకుని, కదలకుండా నిలబడ్డారు.

వందిమాగధులు అందుకున్నారు. "రణరంగభీకర!"

రాజుగారి బొటనవేలు చూపుడువేలిని రుద్దింది.

"శత్రుగజసింహ!"

మెడ ఒక పక్కకు వంగింది. మళ్ళీ రెండో పక్కకు వంగింది.

"ధైర్యమేరుపర్వత!"

మేరుపర్వతం భుజాలు ఎగరేసింది. కిరీటం కనుబొమ్మల మీదికి జారింది. చెమట కాదు, కన్నీళ్ళు కాదు, ఆ రెండిటికీ నడుమ ఏదో రాజుగారి చెంపల మీదుగా కారుతోంది. వీపు మధ్యలో, ఏ చెయ్యీ అందని చోట, వెయ్యి చీమలు దరువు వేస్తున్నాయి.

"తొందరగా చదవండ్రా" అన్నాడు పళ్ళ బిగువున.

రాజాజ్ఞ గదా అని వందిమాగధులు మరింత శ్రద్ధగా, ప్రతి అక్షరం సాగదీసి చదివారు. "అచంచల! నిశ్చల! నిర్వికార!"

అంతే. నిర్వికారుడు ఒక్కసారి "అబ్బా!" అని, రాజదండం తిరగేసి, సింహం పంజాను అంగీ మెడలోంచి వీపులోకి దూర్చి, బరబరా గోకడం మొదలుపెట్టాడు.

కొలువంతా బర్ర్, బర్ర్ అనే చప్పుడొక్కటే. ఆ గోళ్ళు అన్నాళ్ళూ ఎందుకు తళతళలాడాయో అప్పుడు అందరికీ ఒక్కసారిగా తెలిసింది. రాజుగారు కళ్ళు మూసుకుని, "ఆ... ఇంకొంచెం కింద..." అని తనకు తానే చెప్పుకుంటున్నారు. చెయ్యి ఎంత వాటంగా తిరిగిందంటే, అది నిన్నా ఇవాళా నేర్చిన విద్య కాదు.

తిప్పన సాష్టాంగపడ్డాడు.

"దొరికింది ప్రభూ!"

రాజుగారు కళ్ళు తెరిచారు. దండం వీపులోనే ఉంది.

"ఏం దొరికింది?"

"గౌరవం గల వస్తువుకు రెండో పని. రాజదండం ఎందుకు పుట్టింది ప్రభూ?"

సోమయాజులు అడ్డం వచ్చాడు. "అది గోకడం కాదు! అది... అది దండాన్ని అంగీలో భద్రపరచడం! శాస్త్రంలో దీనికి..."

"మాట్లాడండి, మాట్లాడండి" అన్నాడు తిప్పన. "అయితే అయ్యవారూ, మీ గంటం ఎందుకు పుట్టింది?"

"తాటాకు మీద రాయడానికి" అన్నాడు సోమయాజులు గంభీరంగా. అని, తన చేతుల వంక చూసుకున్నాడు. కంద పట్టుకున్న అరచేతిని ఆ గంటంతోనే అప్పటిదాకా గీరుకుంటున్నాడు. ఎంత సిగ్గుపడినా గీరుకోవడం మాత్రం ఆపలేకపోయాడు.

"పేరమ్మా! చింతపండు!" అని రాజుగారు కేకపెట్టారు.

పేరమ్మ స్తంభం చాటునుంచి వచ్చింది. చేతిలో నానబెట్టిన చింతపండు గుజ్జు. అది ఉన్నది ఆల్చిప్పలో. వచ్చి, ఎదురుగా నిలబడి, కదలకుండా ఊరుకుంది.

"రాయవేం?"

"చింతపండు పులుసుకేనట దొరా" అంది పేరమ్మ వినయంగా. "నేను అసలే దోషిని. ఇంకో తప్పు చేస్తే ఇంకే రాజ్యానికి పోను?"

"శాసనం రద్దు!"

"తొందరపడకండి ప్రభూ" అన్నాడు తిప్పన. "బిరుదులు సగంలో ఉన్నాయి. అవి పూర్తయ్యేదాకా తమరు కదలరాదని ఆనవాయితీ, ఇక శాసనం ఎలా కదులుతుంది? ఏమండీ వందిమాగధులూ, ఎక్కడిదాకా వచ్చారు?"

"బిరుదులూ రద్దు!" అని రాజుగారు బొబ్బ పెట్టారు. "అన్నీ రద్దు! రాయవే తల్లీ!"

పేరమ్మ నవ్వు ఆపుకుంటూ ఆయన అరచేతులకూ మెడకూ వీపుకూ చింతపండు పట్టించింది, చిన్నప్పుడు నలుగు పెట్టినట్టే. తర్వాత సోమయాజుల చేతులు పట్టుకుని వాటికీ రాసింది. "గంటంతో గీరితే పుండవుతుంది నాయనా, పోనీ పట్టకారు కావాలా?" అని అడిగింది.

దురద తగ్గినకొద్దీ రాజుగారికి బుద్ధి తిరిగొచ్చింది. వెనకనుంచి దండం లాగి ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక అనుమానం మాత్రం మిగిలింది. గొంతు తగ్గించి అడిగారు. "అది సరే తిప్పనా. మరి సేనాపతి?"

"ప్రభూ, ఇన్నాళ్ళుగా ఆ దండంతో తమరు వీపు గోక్కుంటున్నారు. ఒక్కనాడైనా అది 'నేనే రాజుని' అందా? పట్టకారు నేను బుద్ధెరిగినప్పణ్ణుంచీ వంకాయలు కాలుస్తోంది. పొయ్యి ఎక్కి కూర్చుందా? పట్టకారు పట్టుకుంటే వంకాయకు బాధ లేదు, పట్టకారుకు బాధ లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. నిన్నటిదాకా ఆ దురద శాసనానికి ఉండేది, ఇవాళ తమదాకా వచ్చింది."

రాజుగారి మీసం అదిరింది. కోపమేమోనని వందిమాగధులు ఒక అడుగు వెనక్కి వేశారు. కానీ ఆ మీసం కింద పెదవులు కూడా అదిరాయి. ఆపైన ఆయన ఫక్కున నవ్వారు. నవ్వుతూ, "పేరమ్మా, ఆ ఆల్చిప్పతో ఇంకా ఏమేం చేస్తావో చెప్పు, వినాలనుంది" అన్నారు.

"కావాలంటే ఉగ్గు కూడా పడతాను బాబూ. ఇంకా పాడవలేదు."

ఆ మాటకు సేనాపతి కూడా నవ్వాడు. అతను నవ్వుతాడని అంతవరకూ ఎవరికీ తెలియదు.

పేరమ్మ మూట విప్పుకుంది. కత్తిపీట కొసకు మళ్ళీ కోరు బిగించారు. రాజుగారు తన భుజం మీది జరీ శాలువా తీసి తిప్పనకు కప్పారు. "ఇది మా ముత్తాతగారిది. దీన్ని గౌరవంగా చూసుకో" అన్నారు.

"తప్పకుండా ప్రభూ" అన్నాడు తిప్పన.

రెండు రోజులు గడిచాయి. రాజుగారికి శాలువా గుర్తొచ్చింది. తిప్పన భుజం మీద కనబడలేదు. అడిగితే మూలిగాడు, నసిగాడు, చివరికి రాజుగారిని వంటింట్లోకి తీసుకెళ్ళాడు.

అక్కడ ముత్తాతగారి జరీ శాలువాలో బూడిదగుమ్మడి ముక్కలు మూటకట్టి ఉన్నాయి.

"గట్టి నేత ప్రభూ" అన్నాడు తిప్పన తల గోక్కుంటూ. "ఒక్క గింజ కూడా జారలేదు. పేరమ్మత్త గుడ్డ చిరిగిపోయింది మరి."

రాజుగారు వంగి చూశారు. మూట మీద పీట. పీట మీద, నీరు చుక్కచుక్కగా దిగేలా, బరువుకోసం ఏదో పెట్టారు. అది పొత్రం కాదు. దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఏకధర్మం' అని రాసి ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

మూలన పీట మీద కూర్చుని పేరమ్మ వేయించిన కిందటేటి వడియాలు నములుతున్న సోమయాజులు లేచి నిలబడ్డాడు. నోటినిండా వడియాలున్నాయి గనక జవాబు కాస్త ఆలస్యమైంది.

"నేనే ప్రభూ, తిప్పన రెండో కొస పట్టాడు. పొత్రం గోంగూర పచ్చడి నూరుతూ పనిమీద ఉంది. ఇది ఖాళీగానే ఉంది గదా అని..."

రాజుగారు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకు ఆకలి పుట్టి అక్కడే, వంటింట్లోనే, పీట వాల్చుకుని కూర్చున్నారు. పేరమ్మ విస్తరి వేసింది. దురద తగ్గాక మళ్ళీ మొదలైన బిరుదులు చదవడానికి ఇక్కడ ఎవరూ లేరు. చారు పొగలు కక్కుతోంది. నెయ్యి పారుతోంది. రాజుగారు అప్పడం అందుకుని కొరికారు.

కరకరలాడింది.

ఆ చప్పుడుకు ఆయన ఉలిక్కిపడి, "ఏమైంది దీనికి?" అన్నారు.